మేడ మీది ఐదు నిమిషాలు: ఇంటి నుంచి పని, టెన్షన్, వదలని అలవాట్లు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సమాధానం కాస్త పొడుగవుతుంది, తీరిక చూసుకుని చదవండి.

నాకు అర్థమైనంతలో మీ పరిస్థితి ఇదీ. వయసు 29. ఖమ్మంలో అమ్మానాన్నల దగ్గర ఉంటూ మూడేళ్ళుగా ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నారు. షిఫ్టు మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10, రాత్రిపూట అమెరికావాళ్ళతో కాల్. అయినా పొద్దున 9కే లాప్‌టాప్ తెరిచి కూర్చుంటున్నారు. బరువు 9 కిలోలు పెరిగింది. టీ రోజుకి ఏడెనిమిది సార్లు. హైదరాబాదు ఆఫీసులో ఉన్నప్పుడు రెండు సిగరెట్లు, ఇప్పుడు పది. రాత్రి రెండు దాకా ఫోను. పొద్దున లేస్తూనే గుండెదడ. "తిన్నావా" అని అమ్మ అడిగినా కసురుకోవడం, ఆ తర్వాత కూర్చుని బాధపడడం. టైంటేబుల్ యాప్‌లు మూడు మార్చారు, ఏదీ వారం దాటలేదు. చివర్లో "నాకు విల్‌పవర్ లేదా అండీ?" అని అడిగారు.

మూడేళ్ళలో ఒక్క డెడ్‌లైనూ తప్పలేదని మీరే రాశారు. అలాంటి మనిషికి విల్‌పవర్ లేదంటే నేనొప్పుకోను. లోటు వేరే చోట ఉంది. అది చెప్పే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

నేను డాక్టర్ని కాను, కౌన్సెలర్ని కూడా కాను. 2007 నుంచి తెనాలిలో మా ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేస్తున్నదాన్ని. మొదట్లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక నోటితో చెప్పే వివరాల ఆడియో మనకొస్తుంది. చెవులకి హెడ్‌ఫోను, ఆడియోని ఆపడానికీ వెనక్కి తిప్పడానికీ కాలి కింద పెడలు, చేతులు కీబోర్డు మీద. 65 అక్షరాలకి ఒక లైను లెక్క, లైనుకింత అని డబ్బు. మామూలు ఫైలుకి ఒక రోజు గడువు, అర్జంటుదైతే కొన్ని గంటలే. తర్వాత కంప్యూటరే విని టైపు చెయ్యడం మొదలయ్యాక మేము దాని తప్పులు దిద్దే ఎడిటర్లమయ్యాం. ఇప్పుడు నా కింద ముప్ఫై మంది దాకా తమ తమ ఇళ్ళ నుంచి పని చేస్తారు, ఎక్కువమంది ఆడవాళ్ళు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఊరందరికీ కొత్తగా తెలిసొచ్చిన కష్టాలు మాకు అప్పటికే పాతబడ్డాయి.

2009లో నా అవతారం చూసి ఉంటే మీ మీద మీకు జాలి తగ్గేది. పాపకి మూడేళ్ళు. వాళ్ళ పగలు మనకి రాత్రి కాబట్టి రాత్రంతా ఫైళ్ళు, పగలంతా ఇల్లు. కుక్కర్ విజిలు వేస్తే మా అత్తగారితో గొడవ, కరెంటు పోతే దేవుడితో గొడవ. ఒక తెల్లవారుజామున డాక్టరు "హైపర్‌టెన్షన్" అంటే నేను "హైపోటెన్షన్" అని కొట్టాను. బీపీ ఎక్కువున్న మనిషికి తక్కువుందని రాసినట్టు! పై చెకింగులో దొరికింది కాబట్టి సరిపోయింది. కంపెనీవాళ్ళు ఆ నెల డబ్బులో గట్టిగానే కోసుకున్నారు.

ఆ రోజుల్లో నా మౌస్ పక్కన ఎప్పుడూ ఒక కారప్పూస డబ్బా ఉండేది. మానేద్దామని ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నానో. ఒకరోజు ఊరికే గమనించాను: చెయ్యి ఎప్పుడు డబ్బాలోకి పోతోంది? ఆకలేసినప్పుడు కాదు. ఒక ఫైలు పంపేసి ఇంకోటి తెరిచే మధ్యలో. "ఒక పని అయింది, కాసేపు ఆగు" అని నాకు చెప్పే దిక్కు ఆ ఇంట్లో ఆ డబ్బా ఒక్కటే. అది మానేస్తే ఆగడమే మానేసినట్టు. అందుకే మానలేకపోయాను.

ఇప్పుడు మీ సిగరెట్ సంగతికి వద్దాం. ఇంట్లో తెలియకుండా మేడ మీదికి వెళ్ళి కాలుస్తానని రాశారు. అంటే రోజుకి పదిసార్లు కుర్చీలోంచి లేస్తున్నారు, మెట్లెక్కుతున్నారు, ఆకాశం కనపడే చోట ఒంటరిగా నిలబడుతున్నారు, ఐదు నిమిషాలు ఎవరూ పిలవరు. రోజు మొత్తంలో మీకంటూ ఉన్నవి ఆ ఐదు నిమిషాలే. నికోటిన్ బలం నికోటిన్‌కి ఉంది, కాదనను. కానీ రెండు పది కావడానికి నికోటిన్ ఒక్కటే కారణమనుకోను. ఆఫీసులో అయితే లేవడానికి సవాలక్ష సాకులుంటాయి. క్యాబ్ దిగి నడవడం, లిఫ్టు కోసం ఆగడం, "పదరా టీకి" అని భుజం తట్టే స్నేహితుడు, మీటింగు రూము వెతుక్కోవడం, సాయంత్రం ఒక్కొక్కరే బ్యాగులు సర్దుకుంటుంటే మనకీ ఇంటిమీదికి ధ్యాస మళ్ళడం. పని మొదలయిందనీ, ఆగిందనీ, అయిపోయిందనీ చెప్పే ఈ గంటలన్నీ అక్కడ ఎవరో కొడతారు. ఇంట్లో కొట్టేవాళ్ళు లేరు. అందుకని ఒళ్ళు తనకు తోచిన గంటలు కొట్టుకుంటుంది. నాకు కారప్పూస, మీకు టీ, సిగరెట్, ఫోను.

కాబట్టి అలవాట్ల మీద యుద్ధం ఇప్పుడే మొదలెట్టకండి. ముందు పనికి మంచి గంటలు ఏర్పాటు చెయ్యండి. యాప్‌లు వారం దాటకపోవడానికి కారణం కూడా ఇదే అనుకుంటున్నా. అవి ఫోనులో గంట కొడతాయి, ఆ గంట ఆపడానికి ఫోను చేతిలోకి తీసుకుంటాం, ఆ తర్వాత అరగంట ఏమైందో మనకే తెలీదు.

ఇంటి నుంచి పని మనకి కొత్త కూడా కాదు. మాకు దగ్గర్లోని మంగళగిరిలో తరతరాలుగా నేతపని ఇళ్ళలోనే జరిగింది. గుంట మగ్గం ఎప్పుడైనా చూశారా? నేలలో గొయ్యి, అందులో కాళ్ళు పెట్టి కూర్చుంటారు. గుంటలోకి దిగితే పని, పైకి లేస్తే ఇల్లు. వాళ్ళ నడుము నొప్పులు, కూలి కష్టాలు వేరే కథ, దాన్ని అందంగా చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఇంట్లోనే పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆ గుంట చెప్పేస్తుంది. మా అమ్మ కుట్టుమిషను మీద ఊళ్ళో వాళ్ళ జాకెట్లు కుట్టేది. సాయంత్రం పని అయ్యాక మిషను మీద ఒక పాత చీర ముక్క కప్పేది. కప్పాక ఎవరొచ్చి అర్జంటన్నా "మిషను మూసేశానమ్మా, రేపు" అనేది. నా లాప్‌టాప్ మీద ఇప్పుడు ఉన్నది ఆ అలవాటే, గుడ్డ మాత్రం మారింది.

మొదటి రెండు వారాలు మీరు చెయ్యాల్సింది ఇంతే. సిగరెట్లు లెక్కపెట్టుకోవద్దు, టీ తగ్గించొద్దు, బరువు చూసుకోవద్దు.

పొద్దున లాప్‌టాప్ ముట్టుకోవద్దు. షిఫ్టు ఒంటిగంటకి కదా, పన్నెండున్నరకి స్నానం చేసి, బయటికి వెళ్ళే బట్టలు వేసుకుని, చెప్పులు తొడుక్కుని వీధి గుమ్మం దాటండి. వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి రండి. ఎండ మండిపోతుంటే పక్క సందు నీడలో నాలుగడుగులు చాలు. తిరిగొచ్చి నేరుగా కుర్చీలో కూర్చోండి. ఇదే మీ ఆఫీసుకి వెళ్ళడం. నేను చెప్పినప్పుడు మా టీంలో అమ్మాయిలు నవ్వారు, ఇప్పుడు వాళ్ళే కొత్తవాళ్ళకి చెబుతున్నారు. రాత్రి 10కి దీనికి తలకిందులు: రేపు మొదట చెయ్యాల్సిన మూడు పనులు కాగితం మీద రాసి, మూత వేసి, గుడ్డ కప్పి, చెప్పులేసుకుని మళ్ళీ ఓసారి వీధిలోకి.

ఆ కాగితం రాయడం చిన్న విషయం అనిపిస్తుంది కానీ నేను గట్టిగా నమ్మేది దాన్నే. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో 57 మంది యువతీయువకుల మీద ఒక పరిశోధన ప్రచురించారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు సగం మంది చేత అయిపోయిన పనులు రాయించారు, సగం మంది చేత ఇంకా చెయ్యాల్సిన పనులు. చెయ్యాల్సినవి రాసినవాళ్ళు సుమారు 9 నిమిషాలు ముందే నిద్రలోకి జారుకున్నారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. పని కాగితం మీదికి దిగితే బుర్ర దాన్ని మోయడం ఆపేస్తుందేమో. మీకు లేస్తూనే వచ్చే ఆ దడ, నిన్న ఏం వదిలేశానో అని వెతుక్కునే దడ కావచ్చు. ఒకసారి చూడండి.

ఇక పని మధ్యలో కొట్టే గంటలు. మీ పనిలో టెస్ట్ కేసుల సైకిల్ ఒకటి, అంటే ఒక విడత పరీక్షలు, అయ్యాక ఎటూ ఒక ఆగుడు వస్తుంది. అప్పుడు మేడ మీదికి వెళ్ళండి. అవును, వెళ్ళమనే అంటున్నాను. పదిసార్లలో రెండుసార్లు సిగరెట్ పెట్టెని కింద ఇంట్లోనే వదిలేసి వెళ్ళండి. అదే మెట్లు, అదే ఐదు నిమిషాలు, చేతిలో మంచినీళ్ళ సీసా. మూడోవారం నుంచి ఆ రెండు నాలుగు చెయ్యండి. తాగాలనే తహతహ ఒక్కోసారి కొద్ది నిమిషాలే గట్టిగా ఉంటుంది, అల లాగా లేచి పడిపోతుంది. పెట్టె మేడ మీద పిట్టగోడ సందులో ఉంటే ఆ కొద్ది నిమిషాలు గెలవలేరు. కింద అటక మీదో, స్కూటర్ డిక్కీలోనో ఉంటే గెలుస్తారు.

ఒక పరీక్ష చేసుకోండి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగిస్తున్నారా? అయితే ఒళ్ళు బాగా అలవాటు పడిందని అర్థం, ఒంటరిగా మానడం కష్టం. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 ఉంది, పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసమే. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది, డాక్టర్ని అడిగి వాడండి. పూర్తిగా మానాక మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు ఎక్కువగా ఉంటుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. మావారు 22 ఏళ్ళు కాల్చి మానారు. ఆ నెలలో నేను ఆయనతో ఏ విషయమూ వాదించలేదు, ఇంటి పన్ను కూడా నేనే వెళ్ళి కట్టొచ్చాను.

చాలామందికి తెలియని ముచ్చట ఇంకొకటి. సిగరెట్ పొగ వల్ల లివరు కెఫీన్‌ని మామూలు కంటే వేగంగా కరిగించేస్తుంది. అందుకే పొగ తాగేవాళ్ళు ఎన్ని టీలయినా తాగి నిలబడగలరు. పొగ మానేస్తే ఆ వేగం తగ్గిపోతుంది. అప్పుడు కూడా అవే ఎనిమిది టీలు తాగితే ఒంట్లో కెఫీన్ దాదాపు రెండింతలవుతుంది. చేతులు వణకడం, గుండె దడ, నిద్ర పట్టకపోవడం. "సిగరెట్ మానేస్తే పిచ్చెక్కుతోంది" అనుకుని మళ్ళీ వెలిగిస్తారు. నిజానికి ఆ గోలలో కొంత టీది. కాబట్టి సిగరెట్లు తగ్గుతున్నకొద్దీ టీలు కూడా సగానికి తెండి. ఒక కప్పు టీలో సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అందులో సగం ఒంట్లోంచి పోవడానికి మామూలు మనిషికి 5 గంటల దాకా పడుతుంది. రాత్రి కాల్ ముందు తాగే తొమ్మిదింటి టీని ముందుగా తీసెయ్యండి, మిగతావి మెల్లగా. దాని బదులు మజ్జిగో, అల్లం వేసిన వేడినీళ్ళో. చేతికి ఒక గ్లాసు ఉండాలి, అంతే.

తిండి గురించి ఎక్కువ చెప్పను. బల్ల దగ్గర తినొద్దు. అమ్మ పళ్ళెం తెచ్చి లాప్‌టాప్ పక్కన పెడుతుంటే అది ప్రేమే, కానీ మీరు స్క్రీన్ చూస్తూ ఏం తిన్నారో మీకే గుర్తుండదు. లేచి వంటింట్లోకి వెళ్ళి అందరితో కూర్చుని తినండి. జంతికల డబ్బా అటక ఎక్కించండి. స్టూలు వేసుకుని ఎక్కాల్సొస్తే నిజంగా ఆకలేసినప్పుడే ఎక్కుతారు. నిద్ర తక్కువైనప్పుడు ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది, చాలనిపించేది తగ్గుతుంది. మీ 9 కిలోల్లో ఎన్ని కిలోలు రాత్రి రెండింటిదాకా మేలుకోవడం వల్ల వచ్చినవో లెక్కేయడం కష్టం గానీ, వాటా మాత్రం ఉంటుంది.

"చాట్‌లో పచ్చ చుక్క పసుపు అవుతుందేమోనని లాప్‌టాప్ పట్టుకుని భోజనానికి వెళ్తాను" అని రాశారు చూడండి, అక్కడ నాకు నిజంగా బాధేసింది. మనం పనిలో ఉన్నామని చూపించే ఆ చుక్క కొన్ని నిమిషాలు మౌస్ కదలకపోతే దానంతటదే మారుతుంది. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో అయితే 5 నిమిషాలు. తయారుచేసినవాళ్ళు పెట్టిన ఒక అమరిక అది, మీ నిజాయితీకి కొలత కాదు. ముప్ఫై మందిని చూసుకునే మనిషిగా చెబుతున్నాను, నేను ఎవరి చుక్కా చూడను. అడిగిన ఫైలు అడిగిన వేళకి వచ్చిందా, అడిగిన ప్రశ్నకి జవాబు వచ్చిందా, అంతే చూస్తాను. చుక్కలు చూసే మేనేజర్లు లేరని అనడం లేదు. ఉన్నారు. అలాంటివాళ్ళకి ముందుగా చెప్పేయడమే మందు: "భోజనం, 4 నుంచి 4.30" అని స్టేటస్ రాసి పెట్టండి. దాక్కుంటే అనుమానం, చెప్పేస్తే అది మీ వేళ.

గంటల లెక్క కూడా తీయండి. పొద్దున 9 నుంచి రాత్రి 10 దాకా, ఐదు రోజులు. మధ్యలో తిండికీ మేడకీ తీసేసినా వారానికి 55 గంటలు సులువుగా దాటుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం వారానికి 55 గంటలు, ఆపైన పని చేసేవాళ్ళకి 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళ కంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. పైగా పొద్దున ఆ నాలుగు గంటలూ మిమ్మల్ని ఎవరూ అడగలేదు. "ఇంట్లోనే ఉన్నాను కదా" అనే అపరాధ భావంతో మీరే ఇస్తున్నారు. ఇంట్లో కూర్చుని జీతం తీసుకుంటున్నామనే సిగ్గు మనలో చాలామందికి ఉంటుంది. మా వీధిలో నన్ను పదేళ్ళపాటు "ఖాళీగా ఉంటుంది" అనే అనుకున్నారు.

రాత్రి కాల్స్ సంగతి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. అందుకే వాళ్ళ తూర్పు తీరంలో పొద్దున 11కి పెట్టిన మీటింగు ఎండాకాలంలో మనకి రాత్రి 8.30కి వస్తుంది, చలికాలంలో 9.30కి. అక్కడెవరికీ ఇది గుర్తుండదు, తప్పు వాళ్ళది కూడా కాదు. నవంబరుకి ముందే అడగాలి. ఇలా రాయండి: "గడియారం మారాక ఈ కాల్ మాకు రాత్రి 9.30కి వస్తోంది. మీ వైపు ఒక గంట ముందుకి జరపడం కుదురుతుందా? కుదరకపోతే వారానికి రెండు రోజులు నేను వస్తాను, మిగతా రోజులు నా అప్‌డేట్ రాసి పంపుతాను." "నాకు కష్టంగా ఉంది" అని ఫిర్యాదులా రాస్తే సానుభూతి వస్తుంది, మార్పు రాదు. వాళ్ళు ఊఁ అనడానికి వీలుగా రెండు దారులు చూపిస్తే సాధారణంగా ఒకటి ఒప్పుకుంటారు. ఎప్పుడూ ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. నేను ఒక కంపెనీలో రెండేళ్ళు ఇలా రాసీ రాసీ, చివరికి మానేసి వేరే చోటికి వెళ్ళాను. ఆ రెండేళ్ళలో ఆరు నెలలు అనవసరంగా ఎక్కువ ఉన్నాననే ఇప్పటికీ అనుకుంటాను.

వీడియో కాల్స్‌లో మీ మొహం మీకు కనపడకుండా పెట్టుకోండి, ఆ అమరిక దాదాపు అన్నిట్లోనూ ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ అనే ఆచార్యుడు వీడియో మీటింగుల అలసట మీద 2021లో రాసిన వ్యాసంలో నాలుగు కారణాలు చెప్పాడు. దగ్గరగా అన్ని కళ్ళు మనవైపే చూడడం, కదలకుండా కూర్చోవడం, సైగలు అర్థం చేసుకోవడానికి బుర్రకి ఎక్కువ పని పడడం, గంటల తరబడి అద్దంలో చూసుకున్నట్టు మన మొహం మనమే చూసుకోవడం. ఈ నాలుగింటిలో ఒక్క నొక్కుతో పోయేది చివరిది.

ఇక అమ్మగారు. "కాల్‌లో ఉంటే గ్యాస్ బండ వచ్చిందంటుంది, కరివేపాకు తెమ్మంటుంది" అని విసుక్కున్నారు. ఆవిడ వైపు నుంచి చూడండి. కొడుకు హైదరాబాదు నుంచి ఇంటికొచ్చాడు, పక్క గదిలోనే ఉన్నాడు, తలుపు దగ్గరికేసి ఉంది. పనిలో ఉన్నాడో, ఫోను చూస్తున్నాడో ఆవిడకి ఎలా తెలుస్తుంది? మూసిన తలుపు రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఉంటుంది. మా ఇంట్లో నేను తలుపు గొళ్ళేనికి ఎర్ర చున్నీ కట్టేదాన్ని. చున్నీ ఉంటే ఆడియో చెవిలో ఉన్నట్టు, ఇల్లు తగలబడితే తప్ప పిలవకూడదు. చున్నీ లేకపోతే మామూలుగా రావచ్చు. మా పాపకి అక్షరాలు రాకముందే ఇది వచ్చు. ఇందులో కిటుకు ఏంటంటే పని లేనప్పుడు చున్నీ తప్పనిసరిగా తీసెయ్యాలి. రోజంతా వేలాడితే వారంలో దాని విలువ పోతుంది.

పనులు చెప్పడం ఆపమని అమ్మని అడగకండి, ఆపరు, బాధపడతారు. వేళ ఇవ్వండి. "పొద్దున 11కి, సాయంత్రం 4కి నేను నీ మనిషిని, బజారు పనయినా బ్యాంకు పనయినా అప్పుడు చెప్పు." వేళ ఇవ్వడమే కాదు, ఆ వేళకి మీరే వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడాలి. నాలుగు రోజులు నిలబడితే ఐదో రోజు నుంచి ఆవిడే దాచిపెట్టి అప్పుడు చెబుతారు. కరివేపాకు కోసం నడక మీకు ఎటూ కావాల్సిందే.

రాత్రి ఫోను ఎందుకు వదలడం లేదో మీకు తెలిసే ఉంటుంది. పగలంతా మనది కాలేదు, అందుకని రాత్రి కాసేపు దొంగిలించుకుంటున్నాం. పగటి మీద పగతో మేలుకోవడం అనే అర్థం వచ్చే మాటొకటి చైనావాళ్ళకి ఉంది. చక్కటి మాట. పగలు ఆ నాలుగు గంటలు వెనక్కి తెచ్చుకున్నాక ఈ దొంగతనం చాలావరకు దానంతటదే తగ్గుతుంది, చూడండి. మిగిలినదానికి ఛార్జరు హాల్లో పెట్టడం, చవకైన అలారం గడియారం ఒకటి కొనడం. దీనికంటే గొప్ప ఉపాయం నాకు దొరకలేదు.

కుర్చీ, బల్ల గురించి రెండు ముక్కలు. మంచం మీద పని చెయ్యొద్దు, మెడ పోతుంది, పైగా మంచం ఎక్కగానే పని గుర్తొస్తుంది. స్క్రీన్ పై అంచు కళ్ళ ఎత్తున ఉండేలా లాప్‌టాప్ కింద పాత పుస్తకాలు పేర్చి, కీబోర్డు విడిగా కొనండి. పాదాలు నేలకి ఆనాలి, ఆనకపోతే పీట వేసుకోండి. స్క్రీన్ చూసేటప్పుడు రెప్ప వేయడం తగ్గుతుంది, ఫ్యాను గాలి ఎదురుగా కొడితే కళ్ళు మరీ మండుతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో దేన్నో 20 సెకన్లు చూడమంటారు కంటి డాక్టర్లు. కిటికీలోంచి ఎదురింటి మామిడిచెట్టు చాలు.

ఒక అలవాటు కుదరడానికి 21 రోజులని ఎవరో చెప్పారని, 21 రోజులయినా కుదరలేదని రాశారు. ఆ లెక్క 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ తన రోగులను చూసి, కొత్త రూపానికి అలవాటు పడడానికి కనీసం అన్ని రోజులు పడుతోందని రాసినదాంట్లోంచి పుట్టింది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌వాళ్ళు 96 మంది మీద నిజంగా కొలిచి చూస్తే సగటున 66 రోజులు వచ్చింది. కొందరికి 18, కొందరికి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పితే పెద్ద తేడా రాలేదు కూడా. మీరు వారానికోసారి యాప్ మారుస్తూ మొక్క వేరు పట్టిందో లేదో పీకి చూస్తున్నారు.

ఇంత చెప్పినా, ఒక విషయంలో నా మాట చాలదు. ఆ గుండెదడని టెన్షన్ అని మీకు మీరే తేల్చుకోకండి. ఒక్కసారి ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళి బీపీ, షుగరు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 చూపించుకోండి, అవసరమంటే ఈసీజీ కూడా తీస్తారు. మా టీంలో ఒకమ్మాయి ఏడాదిపాటు "ఆందోళన" అనుకున్నది చివరికి థైరాయిడ్. అన్నీ బాగానే ఉండి, రెండు వారాలకి పైగా రోజంతా దిగులుగా ఉంటే, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోతే, చనిపోతే బాగుండు అనిపిస్తే, ఇంక గుడ్డలూ చున్నీలూ పక్కన పెట్టి వెంటనే 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలెట్టిన టెలి మానస్. డబ్బు కట్టక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేసినంత మాత్రాన పిచ్చివాడని ఎవరూ రాసుకోరు.

ప్రస్తుతానికి యాప్‌లు మూడూ తీసెయ్యండి. రేపు పొద్దున 11కి వంటింటి గుమ్మంలో నిలబడండి, పన్నెండున్నరకి చెప్పులేసుకోండి, రాత్రి 10కి గుడ్డ కప్పండి. రెండు వారాల తర్వాత ఇక్కడే రాయండి. సిగరెట్ల లెక్క అప్పుడే అడగను. గుడ్డ ఎన్ని రాత్రులు కప్పారో అది చెప్పండి, దాన్ని బట్టి తర్వాత సంగతి మాట్లాడుకుందాం.